మీకు తెలుసా? టీవీకీ ఉక్కపోస్తుంది!

వేమగిరి, కడియపులంక, బుర్రిలంక, వీరవరం... కడియం చుట్టుపక్కల ఎక్కడ బండి ఆపినా పక్కన నర్సరీయే. పాలీహౌస్ ఎలా పనిచేస్తుందో ఇక్కడి రైతుకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం పక్క తెరలు దించేసి ఉంచితే లోపలి వేడి బయటి వేడిని మించిపోతుందని, నారు తలలు వాల్చేస్తుందని తెలుసు. అందుకే పక్క తెరలు పైకి చుట్టేస్తాడు, కప్పు దగ్గర ఖాళీ వదులుతాడు. కింద నుంచి గాలి వచ్చి, వేడెక్కి, పైనుంచి పోతుంది.

అదే రైతు ఇంటికెళ్లి చూడండి. సెట్‌టాప్ బాక్సు తలుపులున్న చెక్క అరలో ఉంటుంది. దాని నెత్తిన వైఫై రౌటర్, పక్కన స్టెబిలైజర్, అన్నిటి మీదా లేసు గుడ్డ. మొక్కకి చేసిన మర్యాద ఆ పెట్టెలకి ఎందుకో దక్కదు. ఈసారి ముచ్చట్లన్నీ వాటి గురించే.

కరెంటు ఎంతో వేడి అంత

మీ టీవీ 100 వాట్ల కరెంటు లాగుతోందంటే, గదిలోకి 100 వాట్ల వేడి వదులుతోందన్నమాటే. తెర వెలుగు గోడలకీ సోఫాకీ తగిలి చివరికి వేడిగా మారుతుంది. స్పీకర్ శబ్దం సంగతీ అంతే. రౌటర్, సెట్‌టాప్ బాక్సు లాంటివి లాగిన కరెంటంతా దాదాపు నేరుగా వేడే అవుతుంది. రౌటర్ పది వాట్లే కదా అనిపిస్తుంది గానీ అది రాత్రీ పగలూ ఆగదు. రిమోట్‌తో ఆపేసిన సెట్‌టాప్ బాక్సు కూడా పూర్తిగా నిద్రపోదు. పొద్దున్నే లేచి దాని మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. అరలో ఉన్నవన్నీ కలిపి 30 వాట్లు అనుకుంటే, లోపలి గాలి గది గాలి కంటే 10 డిగ్రీలకి మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకి సుమారు రెండున్నర లీటర్ల గాలి ఆ అరలోంచి పారాలి. పెద్ద లెక్కేం కాదు. తగినంత పెద్దవైన రెండు కన్నాలుంటే వేడిగాలి తనంతట తానే పైకి లేచి ఆ పని చేసేస్తుంది. తలుపులు బిగించిన అరలో మాత్రం పారే గాలి సున్నా.

కన్నాలు రెండూ ఒకే ఎత్తులో పెడితే లాభం తక్కువ. ఒకటి అడుగున, ఇంకోటి పైన ఉండాలి. వాటి మధ్య ఎత్తు పెరిగే కొద్దీ గాలి లాగుడు పెరుగుతుంది. వంటింటి పొగగొట్టం పొడుగ్గా కట్టడం వెనక ఉన్న సంగతి ఇదే.

పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు

టీవీ బోర్డు విప్పగానే మెకానిక్ నోటి నుంచి తరచూ వచ్చే మాట, ‘కెపాసిటర్ ఉబ్బిందండీ’ అని. చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే ఆ కెపాసిటర్ల లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లమెల్లగా ఆవిరవుతుంది. డబ్బా మీద 85 డిగ్రీలు, 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. అది దాని ఓర్పుకి హద్దు. ఆ హద్దు దగ్గర పనిచేస్తే మామూలు రకాలు కొన్ని వేల గంటలే బతుకుతాయి.

ఇంజనీర్లు వాడుకునే మోటు లెక్క ఒకటుంది: హద్దు నుంచి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్ 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు పనిచేస్తుంది. ఎప్పుడూ ఆపని సెట్‌టాప్ బాక్సుకి ఈ లెక్క కడితే మొదటిది రెండేళ్ల లోపు, రెండోది మూడున్నరేళ్ల పైమాట. తేడా పది డిగ్రీలే. ఆ పది డిగ్రీలూ లేసు గుడ్డ తీసేస్తేనో, అర తలుపు తెరిచి ఉంచితేనో తగ్గేవే. ‘ఈమధ్య వస్తువులు నాసిరకం అయిపోయాయి’ అని తిట్టుకునే ముందు అర తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూడటం న్యాయం.

మోగల్లు నుంచి ఈసీ టీవీ దాకా

ఒకప్పుడు మన ఇళ్లలో గర్వంగా నిలబెట్టుకున్న ఈసీ టీవీలు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసినవి. 1967లో పుట్టిన ఆ సంస్థని దగ్గరుండి నిలబెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ ఎ.ఎస్.రావు, అంటే అయ్యగారి సాంబశివరావు, మన పక్క జిల్లాయే. పశ్చిమగోదావరిలో భీమవరం దగ్గరి మోగల్లు ఆయన ఊరు. హైదరాబాద్‌లో ఏఎస్‌రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిందే.

ఆ కాలపు టీవీల వెనక మూత గుర్తుంది కదా, నిండా సన్నటి చీలికలు. అంతకుముందు వాల్వు రేడియోల వెనక అట్టకి కన్నాలుండేవి. లోపల ఎర్రగా వెలిగే వాల్వుల వేడి పోవడానికే ఆ ఏర్పాటంతా. తయారుచేసినవాడు వెనక అన్ని కన్నాలు పెట్టి పంపిస్తే, మనం షట్టరున్న చెక్క పెట్టె కొని అందులో కూర్చోబెట్టాం. సినిమా అయిపోగానే, ఇంకా వేడి చల్లారకముందే, షట్టర్ మూసి తాళం కూడా వేసిన ఇళ్లున్నాయి!

ఇప్పటి టీవీలు పలచబడ్డాయి, కరెంటూ తక్కువే తింటాయి. కానీ వెనక చీలికలు మాత్రం పోలేదు. గోడకి బిగించేటప్పుడు చుట్టూ 10 సెంటీమీటర్ల ఖాళీ వదలమని చాలా టీవీల మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ పుస్తకం మనం చదవం. వారంటీ కార్డుతో కలిపి బీరువాలో దాచేస్తాం.

ఫ్యాన్ తీసేసిన కంప్యూటర్

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవడం మన ఒక్కరి జబ్బు కాదు. 1980లో ఆపిల్ కంపెనీ ‘ఆపిల్ త్రీ’ అనే కంప్యూటర్ తెచ్చింది. చప్పుడు చెయ్యకూడదు, అందుకని లోపల ఫ్యాన్ వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. వేడి అల్యూమినియం ఒంటి ద్వారా పోతుందిలే అనుకున్నారు. కొన్నాళ్లకి యంత్రాలు మొరాయించడం మొదలైంది. లోపలి చిప్‌లు వాటి గూళ్లలోంచి కదిలిపోయేవి. అప్పుడు కంపెనీ వాళ్లే చెప్పిన చిట్కా ఏమిటంటే, కంప్యూటర్‌ని బల్ల మీంచి రెండు మూడు అంగుళాలు పైకెత్తి వదిలేయమని! ఆ కుదుపుకి చిప్‌లు మళ్లీ గూట్లో కూర్చునేవట. మన పాత టీవీకి నెత్తిన ఒక్కటి వేస్తే బొమ్మ వచ్చేది, ఇదీ ఆ బాపతే.

ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడదు, వేడెక్కుతుంది

ఫ్రిజ్ లోపలి వేడిని తీసి బయట పోస్తుంది. దానికి వాడిన కరెంటు కూడా వేడిగానే బయటికొస్తుంది. తలుపు తీసి ముందు కూర్చుంటే మొహానికి చల్లగా తగిలినా, గది మొత్తం మీద వేడి పెరుగుతుంది.

పాత ఫ్రిజ్‌ల వెనక నల్లటి జాలీ కనబడేది. కొత్తవాటిలో చాలావాటికి ఆ గొట్టాలు పక్క గోడల లోపల దాగి ఉంటాయి. పక్కలు కాలుతున్నాయని భయపడి మెకానిక్‌ని పిలిచేవాళ్లున్నారు. భయం అక్కర్లేదు, వేడి బయటికి పోతోందని అర్థం. ఆ పక్కలకి బియ్యం బస్తా ఆనించడం, గోడ మూలకి నొక్కేయడం, స్టవ్ పక్కన పెట్టడం చేస్తే మాత్రం కంప్రెసర్ గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంది. ఆ కష్టం కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

ఏసీకి పచ్చటి ముసుగు

కడియంలోనే కనబడే ముచ్చట ఇది. ఏసీ ఔట్‌డోర్ యూనిట్ చూడ్డానికి బాగోదని దాని ముందు వరసగా కుండీలు పేర్చడం, తీగ పాకించడం. మొక్కలకి కరువు లేని ఊరు మరి!

ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి సుమారు 5.3 కిలోవాట్ల వేడి లాగుతుంది. తను తినే ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు దానికి కలుస్తుంది. అంటే దాదాపు ఏడు కిలోవాట్ల వేడిని ఆ ఔట్‌డోర్ పెట్టె బయటికి ఊదాలి. ఎదురుగా గుబురుగా ఆకులుంటే ఊదిన వేడిగాలి వెనక్కి తిరిగి మళ్లీ దానిలోకే పోతుంది. నీడ మంచిదే. అది గాలికి అడ్డం రాని ఎత్తులో ఉండాలి. పైన కాస్త దూరంగా షేడ్‌నెట్ కట్టండి, ముందు మాత్రం ఖాళీగా వదలండి. రెండు ఇళ్ల మధ్య ఇరుకు సందులో ఎదురెదురుగా రెండు యూనిట్లు పెడితే ఒకదాని వేడిని ఇంకోటి మింగుతుంది. ఇరుగుపొరుగు వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఒకటి పక్కకి జరిపితే ఇద్దరికీ కలిసొస్తుంది.

ఇంకో మాట. ఏసీ పెట్టె మీద రాసిన సామర్థ్యం బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. రోహిణీ కార్తెలో 45 డిగ్రీలు కాస్తుంటే అది అంత చల్లదనం ఇవ్వలేదు, కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది. ‘పోయినేడు బాగానే చల్లబడేదండీ’ అని మెకానిక్‌ని నిలదీసే ముందు ఔట్‌డోర్ యూనిట్ జాలీకి పట్టిన దుమ్ము చూడండి.

ఆ ‘టన్ను’ ఎక్కడిదంటారా? ఏసీ బరువుతో దానికి సంబంధం లేదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని లాగే శక్తి. మంచు ఫ్యాక్టరీల కాలం నుంచి మిగిలిపోయిన కొలత అది.

కూలర్ మనకెందుకు కలిసిరాదు?

కూలర్ తడి మీదుగా గాలిని పంపి చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. అనంతపురంలో 42 డిగ్రీల ఎండ, గాలిలో 20 శాతం తేమ ఉందనుకోండి. ఎంత మంచి కూలరైనా వెళ్లగలిగిన హద్దు 24 డిగ్రీలు. గోదావరి ఉక్కలో 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 28 దాకానే. అక్కడ పద్దెనిమిది డిగ్రీలు దిగితే ఇక్కడ ఐదారు డిగ్రీలకే ఆగిపోతుంది. పైగా గదిలో చెమ్మ నింపుతుంది. కూలర్ నోరు టీవీ వైపో, ఇన్వర్టర్ వైపో తిప్పి ‘దానికీ చల్లగా ఉంటుంది’ అనుకోవడం పొరపాటు. బోర్డు మీద చెమ్మ, ఆ చెమ్మ మీద దుమ్ము చేరితే తుప్పు పడుతుంది.

మరి సీలింగ్ ఫ్యాన్? అది గదిని చల్లబరచదు. 75 వాట్ల పాత ఫ్యాను గదికి 75 వాట్ల వేడి కలుపుతుంది. మన ఒంటి చెమటని ఆరబెడుతుంది కాబట్టి మనకి హాయి. మనుషుల్లేని గదిలో తిరిగే ఫ్యాను దండగ ఖర్చు. వేడిగా ఉన్న వస్తువు సంగతి కాస్త వేరు: దాని మీదుగా గాలి ఆడితే వేడి త్వరగా పోతుంది. ఎంత ఆడినా గది గాలి కంటే చల్లబడదు, అంతే.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫ్యాన్ ఎందుకు లేదు?

ఎండలో, వానలో, సంవత్సరమంతా నిలబడే ఆ ఇనప పెట్టె లోపల నిండా నూనె ఉంటుంది. చుట్టలకి తగిలి నూనె వేడెక్కి పైకి లేస్తుంది, పక్కన ఉండే గొట్టాల్లోకి మళ్లి బయటి గాలికి చల్లారి కిందికి దిగుతుంది, మళ్లీ చుట్టల దగ్గరికి వస్తుంది. మోటారు లేదు, పంపు లేదు. వేడి తనే నూనెని తిప్పుతుంది. చాలా ట్రాన్స్‌ఫార్మర్లకి పక్కన చిన్న గాజు డబ్బా వేలాడుతుంటుంది. అందులో నీలం రంగు గింజలు లోపలికి పోయే గాలిలో చెమ్మని పీల్చేస్తాయి. పీల్చి పీల్చి గులాబీ రంగుకి మారితే, మార్చే వేళయిందని లైన్‌మన్‌కి కబురు.

ఇంకా పెద్ద లెక్క కావాలంటే మన మండలంలోనే జేగురుపాడు ఉంది. ఆర్థిక సంస్కరణల తర్వాత దేశంలో వచ్చిన తొలి ప్రైవేటు విద్యుత్ కేంద్రాల్లో ఒకటి అక్కడిదే. గ్యాస్‌తో నడిచే అలాంటి కేంద్రం మండించిన ఇంధనంలో సుమారు సగాన్నే కరెంటుగా మార్చగలదు. మిగతా వేడంతా చిమ్నీ నుంచి, నీళ్ల నుంచి బయటికి పోవలసిందే. వేడిని వదిలించుకునే దారి లేకపోతే విద్యుత్ కేంద్రం కూడా నడవదు.

మెట్ల కింద ఇన్వర్టర్

మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి శాశ్వత చిరునామా మెట్ల కింద. దాని పక్కనే చీపుర్లు, చెప్పులు, పాత పేపర్ల కట్టలు. నేల చల్లగానే ఉంటుంది గానీ గాలి ఆడదు.

ఇన్వర్టర్ బ్యాటరీ కూడా వేడికి తట్టుకోదు. మామూలు ఉష్ణోగ్రత దాటాక ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. అందుకే రెండు ఇళ్లలో ఒకే రోజు కొన్న ఒకే రకం బ్యాటరీల్లో ఒకటి ముందే చేతులెత్తేస్తుంది. ఎండాకాలంలో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, బోరు నీళ్లు పనికిరావు.

ఇక్కడ గాలి ఆడాలనడానికి ఇంకో కారణం ఉంది, అది ప్రాణానికి సంబంధించింది. చార్జింగ్ అవుతున్నప్పుడు ఈ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. గాలి కంటే చాలా తేలిక కాబట్టి మూసిన గదిలో పైన చేరుతుంది. అక్కడ అగర్‌బత్తీ వెలిగించకండి, గ్యాస్ సిలిండర్ నిలవ పెట్టకండి. తలుపు పెట్టించుకోవాలనుకుంటే జాలీ తలుపు పెట్టించండి.

ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు

ఐఫోన్ వాడటానికి పరిసరాల వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని ఆపిల్ చెబుతుంది. మనకి మే నెలలో గది లోపలే అది దాటుతుంది. దాంతో ఫోన్ తెర మసకబారుతుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది. ఫోన్ పాడైపోలేదు, తన్ను తాను కాపాడుకుంటోంది. చేయాల్సింది కవర్ తీసి, ఎండలోంచి తప్పించి, గట్టి బల్ల మీద పెట్టడం. తలగడ కింద చార్జింగ్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కారు అద్దం వెనక ఎండలో వదలడం దానికి తమ్ముడు.

కొందరు హడావిడిగా ఫ్రిజ్‌లో పెడతారు. పైన చెప్పిన రోజే తీసుకోండి: 34 డిగ్రీలు, 65 శాతం తేమ. ఆ గాలిలో 26 డిగ్రీలకి చల్లబడిన దేని మీదైనా నీటి చెమ్మ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫోన్ దానికంటే ఎంతో చల్లగా ఉంటుంది. చెమ్మ బయటే కాదు, లోపల కూడా పట్టొచ్చు.

ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి సినిమా చూసేవాళ్లకి ఒక్క ముక్క: చాలా వాటికి గాలి పీల్చుకునే ముక్కు అడుగున ఉంటుంది.

ఎల్‌ఈడీ బల్బు ఎందుకు మాడిపోతుంది?

పాత ఫిలమెంట్ బల్బు లోపల తీగ రెండున్నర వేల డిగ్రీల దరిదాపుకి వేడెక్కేది, ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని వెలుగుతో పాటే బయటికి విసిరేసేది. ఎల్‌ఈడీ అలా విసరలేదు. దాని వేడి వెనక భాగం గుండా, లోహం గుండా పోవాలి. గుండ్రటి గాజు డోములో బిగిస్తే, పీఓపీ సీలింగ్ లోపల దూరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. గదిలో వేడిగాలి చేరేది కప్పు దగ్గరే కదా. బల్బులో ముందు పోయేది వెలుగిచ్చే చిప్ కాదు, దానికి కరెంటు అందించే డ్రైవర్. అందులో ఉండేది మళ్లీ ఆ కెపాసిటరే.

పీఓపీ రాకముందు గోదావరి జిల్లాల్లో కట్టుకున్న మండువా లోగిళ్లలో ఈ బాధ లేదు. నడిమధ్య ఆకాశం కనబడేది, వేడిగాలి అటు నుంచి లేచిపోయేది, అరుగుల మీంచి కొత్త గాలి లోపలికొచ్చేది. తర్వాతి తరం డాబా ఇళ్లకి కనీసం కిటికీ పైన వెంటిలేటర్ ఉండేది. ఇప్పటి ఫ్లాట్లలో అదీ ఎగిరిపోయింది, లోపల వస్తువులు మాత్రం పది రెట్లు పెరిగాయి.

బల్లి ఖర్చు

ఏసీ ఔట్‌డోర్ యూనిట్, ఇన్వర్టర్, మోటారు స్టార్టర్... వెచ్చగా ఉన్న చోటు బల్లులకీ చీమలకీ ఇష్టం. బల్లి రెండు తీగల మీద కాళ్లు పెడితే దాని ప్రాణంతో పాటు బోర్డూ పోతుంది. గాలి కన్నాలకి సన్నటి జాలీ బిగించడమే మందు. ఆ జాలీకి దుమ్ము పడితే మళ్లీ గాలి ఆగుతుంది కాబట్టి నెలకోసారి కుంచెతో దులపాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే.

మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం

గారెల పిండి గట్టిగా వేసేసరికి మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడక్కర్లేదు. మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేసే ఏర్పాటు చాలా మిక్సీలకి ఉంటుంది. కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉండే చిన్న బొత్తాం నొక్కితే మళ్లీ తిరుగుతుంది. గాలి చీలికలు కూడా అడుగునే ఉంటాయి. తడిగుడ్డ పరిచి దాని మీద మిక్సీ పెడితే అవి మూసుకుపోతాయి.

లో వోల్టేజీ కూడా వేడే. వోల్టేజీ పడిపోయినప్పుడు మోటార్లు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి. సాయంత్రం ఊరంతా లైట్లు మసకబారిన వేళ బోరు మోటారు వేయకపోవడం మంచిది.

మొక్క కంప్యూటర్‌ని కాపాడుతుందా?

కంప్యూటర్ పక్కన నాగజెముడు పెడితే రేడియేషన్ పీల్చేస్తుందని కొందరు అమ్ముతారు. దానికి ఆధారం లేదు. ఇండోర్ మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాటకి మూలం 1989లో నాసా చేసిన అధ్యయనం. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. తలుపులూ కిటికీలూ ఉన్న మన గదుల్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలైనా పెట్టాలని 2019లో వచ్చిన పరిశీలన తేల్చింది. మొక్కలు పెంచుకోండి, కంటికి మంచిది, మన ఊరికి బువ్వ పెట్టేవి అవే. మనీప్లాంట్ సీసాని మాత్రం స్టెబిలైజర్ మీంచి దించండి. ఒక్క చుక్క నీరు చాలు.

విశాఖలో వేడి కొండ

1946లో జనానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18,000 వాల్వులుండేవి, అది సుమారు 150 కిలోవాట్ల కరెంటు తినేది. దాన్ని చల్లబరచడానికి ప్రత్యేకంగా గాలి ఊదే ఏర్పాటు ఉండేది. ఇప్పుడు మన రాష్ట్రం వంతు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు. అందులోకి పోయే కరెంటు దాదాపు మొత్తం వేడిగా బయటికి రావలసిందే.

ఇలాంటి చోట సర్వర్ బీరువాలని ఒక పద్ధతిలో నిలబెడతారు. రెండు వరసల మొహాలు ఎదురెదురుగా, రెండు వరసల వీపులు ఎదురెదురుగా. మొహాల మధ్య సందులోకి చల్లగాలి, వీపుల మధ్య సందులోంచి వేడిగాలి. రెండూ కలవకుండా చూడటమే పెద్ద పని. వచ్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆ రంగం వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. ఒకటిన్నర అడుగు వెడల్పు టీవీ అరకీ ఇదే సూత్రం: వచ్చే గాలికి ఒక దారి, పోయే గాలికి వేరే దారి.

వడ్రంగికి చెప్పాల్సిన మాట

కొత్త ఇంట్లో టీవీ యూనిట్ చేయిస్తున్నారా? రంగు, లామినేట్ డిజైన్ తేల్చుకున్నాక వడ్రంగికి ఇంకో రెండు ముక్కలు చెప్పండి. సెట్‌టాప్ బాక్సు అరకి వెనక పలక కొట్టొద్దు. తప్పదంటే అడుగున ఒకటి, పైన ఒకటి అరచేతి వెడల్పు చీలికలు కోసి జాలీ బిగించమనండి. వస్తువుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఒక్కోదానికి ఒక్కో అర అడగండి. అదనంగా అరగంట పని. ఇల్లు పూర్తయ్యాక ఆ చెక్కని కోయాలంటే మాత్రం టీవీ యూనిట్ మొత్తం విప్పాలి. కాబట్టి ఇప్పుడే చెప్పండి.